ఆటలో అరటిపండు

"ఎక్స్‌ట్రా" అన్న మాట ఎక్కడ విన్నా నాకు హోటలు భోజనం గుర్తొస్తుంది. అన్నం, పప్పు, కూర, చారు, మజ్జిగ... ఇవీ భోజనమంటే. గడ్డపెరుగు ఎక్స్‌ట్రా. ఆమ్లెట్టు ఎక్స్‌ట్రా. అంటే అది లేకపోయినా భోజనానికి లోటేమీ లేదనీ, కావాలంటే డబ్బులు వేరే ఇచ్చుకోవాలనీ అర్థం. మన ప్రయివేటు స్కూళ్ళు ఆటల్నీ, పాటల్నీ, నాటకాల్నీ, బొమ్మలు గీయడాన్నీ ఒక్క మూటగట్టి "ఎక్స్‌ట్రా కరిక్యులర్ యాక్టివిటీస్" అని ఎందుకంటాయో, ఈ హోటలు లెక్క తెలిసినవాళ్ళకి నేను వేరే చెప్పనక్కర్లేదు.

చట్టాలు మాత్రం అలా అనడం లేదండోయ్! 2009లో చేసిన విద్యాహక్కు చట్టం, బడి అన్నాక ఆటస్థలం ఉండాలని షెడ్యూలులోనే రాసింది. 2020లో వచ్చిన జాతీయ విద్యావిధానం చదువుకీ, ఈ "అదనపు" పనులకీ మధ్య గట్టి గోడ ఉండకూడదంది. రాతకేం, దివ్యంగా ఉంది. మా పేటలో ఒక స్కూలుంది. నాలుగంతస్తుల మేడ. కింద స్కూటర్లు నిలుపుకునే జాగాలో ఒక బాస్కెట్‌బాల్ స్తంభం పాతారు. రంగుల పుస్తకంలో మాత్రం ఫుట్‌బాలు, స్కేటింగు, కరాటే, చదరంగం, సైన్సు క్లబ్బు, లిటరరీ క్లబ్బు, ఎకో క్లబ్బు అని రెండు పేజీల నిండా ఉంటుంది. మా పక్కింటి కుర్రాడు ఎకో క్లబ్బు సభ్యుడు. ఆకుపచ్చ బ్యాడ్జీ కూడా ఉంది. సంవత్సరం మొత్తం మీద వాడు మట్టి ముట్టుకున్నది, ఫోటో కోసం మొక్క పట్టుకున్న రోజునే!

ఇక ఆటల పీరియడంటారా, అది చేబదులు లాంటిది. లెక్కల మేష్టారు ఓసారి తీసుకుంటారు, సైన్సు టీచరు ఓసారి తీసుకుంటుంది. తీసుకున్నవాళ్ళు తిరిగి ఇచ్చిన దాఖలాలు మాత్రం లేవు. చివరికి "ఒలింపియాడ్" అన్న మాటకి కూడా ఈ రోజుల్లో పిల్లల నోట అర్థం మారిపోయింది. ఒలింపియాడ్‌కి తయారవుతున్నానంటే పరుగెత్తుతున్నాడనుకునేరు. కుర్చీలో కూర్చుని లెక్కలు చేస్తున్నాడన్నమాట.

ఇంతవరకూ నవ్వుకోడానికి బాగానే ఉంది. నవ్వు రాని సంగతి ఒకటి చెబుతాను.

మా చెల్లెలి కూతురు అయిదో క్లాసు చదువుతోంది. స్కూలు వార్షికోత్సవానికి బృంద నృత్యంలో చేరింది. రెండు వారాలు ఎగిరింది. డ్రెస్సుకి డబ్బులు కూడా కట్టారు. మూడో వారంలో టీచరు దాన్ని పక్కకి పిలిచి, "లైను సమంగా రావడం లేదమ్మా, నువ్వు గేటు దగ్గర రోజాపువ్వులిచ్చే గుంపులో ఉండు" అంది. కోప్పడలేదు, తిట్టలేదు. బుగ్గ గిల్లి మరీ చెప్పిందిట. పిల్ల ఏడవలేదు. వార్షికోత్సవం నాడు అందరికీ పువ్వులిచ్చింది. ఆ తర్వాత ఎప్పుడో సెలవులకి మా ఇంటికొచ్చినప్పుడు, నేను వంకాయలు తరుగుతుంటే పక్కన కూర్చుని అడిగింది.

"పెద్దమ్మా, బాగా రానివాళ్ళు డాన్సు ఎక్కడ చెయ్యాలి?"

బి.ఏ.లో తత్వశాస్త్రం ఒక పేపరుగా చదివినదాన్ని. ఇంతకంటే గట్టి ప్రశ్న ఆ పేపర్లో రాలేదు.

బాగా వచ్చినవాళ్ళకి వేదికలున్నాయి, పోటీలున్నాయి, కప్పులున్నాయి. బాగా రాకపోయినా ఇష్టమున్నవాళ్ళకి చోటెక్కడ? బాగా రావాలంటే ముందు కొన్నాళ్ళు బాగా రాకుండా చెయ్యాలి కదా! ఆ కొన్నాళ్ళు ఎక్కడ గడపాలి? కొందరికి ఎప్పటికీ బాగా రాదనుకోండి, వాళ్ళకి ఆ ఇష్టం ఉండకూడదా?

మన వీధుల్లో ఆడుకున్న ఆటలు ఈ ప్రశ్నకి రెండు జవాబులు చెప్పాయి. మొదటిది ఉద్దులు కట్టడం. ఉద్ది అంటే సమానమైన జోడీ. ఇంచుమించు ఒకే బలం ఉన్న ఇద్దరు పిల్లలు భుజాల మీద చేతులు వేసుకుని దూరంగా వెళ్ళి, నువ్వు మల్లెపువ్వు, నేను బంతిపువ్వు అని రహస్యంగా పేర్లు పెట్టుకొస్తారు. నాయకులిద్దరిలో ఒకరు పువ్వు కోరుకుంటారు. ఆ పువ్వు ఎవరో కోరుకునేదాకా తెలియదు. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి! బలహీనుడికి జోడీ బలహీనుడే కనక జట్లు సమానమవుతాయి. "వీణ్ణెవరూ తీసుకోలేదు, వీడే మిగిలాడు" అన్న అవమానం ఎవరికీ ఉండదు. ఈ న్యాయాన్ని ఏ పెద్దవాళ్ళూ నేర్పలేదు. పదేళ్ళ పిల్లలు తమలో తాము నడుపుకున్నారు.

రెండో జవాబు అరటిపండు. మరీ చిన్నపిల్లలు, వెంటపడి ఏడ్చే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఉంటారే, వాళ్ళని "ఆటలో అరటిపండు" అని కలుపుకునేవాళ్ళు. అరటిపండు అందరితో పాటు పరుగెత్తవచ్చు, అరవవచ్చు. ఎవరైనా ముట్టుకున్నా దొంగ కాదు, అవుటవదు. అందులో ఎంతో దయ ఉంది. కాని ఏ అరటిపండూ ఎక్కువకాలం అరటిపండుగా ఉండటానికి ఒప్పుకోదు. ఏదో ఒక రోజు ఆ నాలుగేళ్ళవాడు కాలు నేలకేసి కొట్టి, "నేనూ అవుటవుతా!" అని ఏడుస్తాడు. ఆ ఏడుపులో పెద్ద సత్యం ఉందని నాకనిపిస్తుంది. అవుట్ చెయ్యడానికి వీల్లేనివాడు ఆటలో లేనట్టేనని వాడికి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది.

నాతో బి.ఏ. చదివిన స్నేహితురాలు ఇప్పుడొక స్కూలుకి ప్రిన్సిపాలు. మా పిల్ల ప్రశ్న ఆమె ముందు పెట్టాను. నవ్వేసింది.

"నువ్వు నవలలు రాస్తావు కదే. సరిగ్గా కుదరని అధ్యాయాన్ని పాపం అని అచ్చుకి పంపుతావా? తీసి పారేస్తావు. నేను చేసేదీ అదే. వార్షికోత్సవానికి ఏడొందల మంది తల్లిదండ్రులొస్తారు. కార్యక్రమం బాగుండాలి. అది సరే, బాగా ఆడే పిల్ల సంగతేమిటి? పొద్దున్నే అయిదింటికి లేచి సాధన చేసిందే, దాన్ని ఆపి, సాధన చెయ్యనిదానికి చోటిస్తే అది న్యాయమా?"

ఏమాటకామాట చెప్పుకోవాలి, రెండో మాటకి జవాబు తేలిక కాదు. కష్టపడిన పిల్లకి దక్కవలసింది దక్కాలి. 2016లో రియో ఒలింపిక్స్‌లో సింధు వెండి పతకం గెలిచిన రాత్రి టీవీల ముందు కూర్చున్నవాళ్ళెవరూ "పోనీలెండి, ఎవరు గెలిచినా ఒకటే" అనుకోలేదు. గొప్పగా ఆడటమన్నది కూడా ఒక విలువే. దాన్ని కాదంటే ఆట మీద గౌరవం లేనట్టే.

కాని మొదటి మాటకి జవాబుంది. అధ్యాయం తీసేస్తే అధ్యాయం బాధపడదు. నవల కోసం అధ్యాయం ఉంటుంది గాని, అధ్యాయం కోసం నవల ఉండదు. బడి అలా కాదు కదా! పిల్ల కోసం బడి ఉందా, బడి కోసం పిల్ల ఉందా? జర్మన్ తత్వవేత్త కాంట్ 1785లో రాసిన పుస్తకంలో తేల్చిన ముఖ్యమైన సంగతుల్లో ఇదొకటి. మనిషిని కేవలం మన పని జరుపుకునే సాధనంగా వాడుకోకూడదనీ, ఆ మనిషే ఒక లక్ష్యమని గుర్తుంచుకోవాలనీ అన్నాడాయన. లైను సమంగా కనిపించడం కోసం పిల్లని పెట్టడం, లైను చెడుతోందని పిల్లని తీయడం, రెండూ ఒకటే తప్పు. పెట్టినప్పుడూ తీసినప్పుడూ కూడా చూసింది లైనునే గాని పిల్లని కాదు.

ఈ విమర్శలు విని కొన్ని స్కూళ్ళు ఇంకో దారి తొక్కాయి. అందరికీ పతకాలు! పరుగు పందెంలో మొదట వచ్చినవాడికీ పతకమే, మధ్యలో ఆగి చెప్పు సరిచేసుకున్నవాడికీ పతకమే. తల్లిదండ్రులకి ఆనందం, ఫోటోలకి అందం. పిల్లలు మాత్రం మోసపోరు. ఏ పతకం నిజమో, ఏది బుజ్జగింపో వాళ్ళకి తెలుసు. ఇది పాత అరటిపండే. కాకపోతే మెడలో రిబ్బను కట్టారు.

ఒడ్డున కూర్చోబెట్టిన పిల్లా అవుటవదు, అరటిపండూ అవుటవదు. ఇద్దరి దగ్గరా మనం లాక్కున్నది ఒక్కటే: ఓడిపోయే హక్కు.

ఈ రెంటికీ మధ్య మూడో దారి ఉందా అని వెతుకుతుంటే నాకు హైదరాబాదులో జరిగిన ఒక సంగతి దొరికింది. బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూలు 1923లో జాగీర్దార్ల పిల్లల కోసం పుట్టింది. జాగీర్లు పోయాక 1951లో పబ్లిక్ స్కూలయింది. విశాలమైన మైదానాలకి పేరు. మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ళ అక్కడే చదువుకుని, అక్కడే క్రికెట్ ఆడారు. ఆయన 2017లో వచ్చిన తన పుస్తకంలో ఒక మ్యాచి గురించి రాశారు. ఆ రోజు ఆయన బౌలింగు ఏమీ బాగాలేదు. కెప్టెను బంతి తీసుకుని తానే వేసి వికెట్ పడగొట్టాడు. అక్కడితో ఎవరైనా ఏం చేస్తారు? తనే వేస్తాడు. ఆ కుర్రాడు మాత్రం బంతి తిరిగి నాదెళ్ళ చేతికిచ్చాడు. ఆ తర్వాత ఆయన వికెట్లు తీశారు. ఎదుటివాడిలో నమ్మకం నిలబెట్టడమే నాయకత్వమని అప్పుడు నేర్చుకున్నానని ఆయన భావం.

ఆయన పెద్ద పదవికి వెళ్ళారు కనక ఈ కథ చెప్పలేదు. వెళ్ళకపోయినా ఆ కెప్టెను చేసిన పని గొప్పదే. అందులో మూడు భాగాలున్నాయి చూడండి. బాగా వెయ్యనప్పుడు బంతి తీసుకున్నాడు, అంటే అబద్ధపు బుజ్జగింపు లేదు. జట్టు కోసం వికెట్ తీశాడు, అంటే గెలుపుని చిన్నచూపు చూడలేదు. ఆ పైన బంతి తిరిగి ఇచ్చాడు, అంటే మనిషిని వదులుకోలేదు. వాడు ఒడ్డున కూర్చోబెట్టనూ లేదు, అరటిపండుని చెయ్యనూ లేదు.

ఈ పనికి ఎకరాల మైదానం అక్కర్లేదు. గెలిచే జట్టు ఒకటి ఉండనీ, దానికి ఎంపికలూ ఉండనీ. ఆ జట్టులో లేనివాళ్ళకి కూడా ఒక బంతీ, ఒక గంటా, పేరు పెట్టి పిలిచే ఒక డ్రిల్లు మేష్టారూ ఉంటే చాలు. వార్షికోత్సవానికి ఎంపికయిన పన్నెండు మందే నాట్యం చెయ్యనీ, శనివారం మధ్యాహ్నం మాత్రం తలుపులు తీసి పాట పెట్టి, వచ్చినవాళ్ళందర్నీ ఎగరనివ్వాలి. తప్పు ఎంచుకోవడంలో లేదు. ఎంచుకోగా మిగిలినవాళ్ళకి ఏమీ మిగల్చకపోవడంలో ఉంది.

ఆడపిల్లల విషయం మరీ అన్యాయం. మేము చదువుకునే రోజుల్లోనే మైదానం మగపిల్లలది, గోడ పక్క జాగా మాది. ఒక రింగు, పన్నెండు మందిమి. ఎనిమిదో క్లాసు దాటాక ఆ రింగు కూడా బీరువాలోకి పోయేది. ఇప్పటికీ ఎనిమిదో తొమ్మిదో వచ్చేసరికి ఆడపిల్లలు చెట్టు కింద చేరి కబుర్లలో పడటం చూస్తూనే ఉన్నాను. వాళ్ళకి ఇష్టం లేదంటారు. అడిగిందెవరు?

ఇదంతా పిల్లల సరదా గోల, దీనికింత వేదాంతం ఎందుకంటారేమో. సరదా గోల కాదనే నా నమ్మకం. ఓటమి కూడా ఒక పాఠమే. దాన్ని చిన్న చిన్న మోతాదుల్లో, నలుగురి మధ్య, దెబ్బ తగలకుండా నేర్పే చోటు ఆటస్థలం ఒక్కటే. కబాడీలో పట్టుబడినవాడు గీత అవతల కూర్చుంటాడు. తనవాళ్ళకి పాయింటు రాగానే లేచి మళ్ళీ వస్తాడు. ఓడటం, కూర్చోవడం, లేవడం, ఈ మూడూ పది నిమిషాల్లో జరిగిపోతాయి. ఇది నూరుసార్లు చేసినవాడికి ఒంట్లో ఒక జ్ఞాపకం మిగులుతుంది. ఓడాక కూడా ఆట ఉంటుందని.

ఆ జ్ఞాపకం లేకుండా మనం పిల్లల్ని హాస్టలు కాలేజీలకి పంపుతున్నాం. అక్కడ ఆటస్థలమూ ఉండదు, ఆదివారమూ ఉండదు. పదిహేడేళ్ళకి జీవితంలో మొదటి ఓటమి ఒక ర్యాంకు రూపంలో ఎదురవుతుంది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చాక ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఫలితాల్లో దొర్లిన తప్పులు, వాటికి బాధ్యులు, అది వేరే విచారణ. ఆటలుంటే ఆ పిల్లలు బతికేవాళ్ళని అనేటంత సాహసం నేను చెయ్యను. అది ఆ తల్లుల గాయం మీద కారం చల్లినట్టవుతుంది. నేను అడిగేదల్లా ఒకటే. పిల్లలకి ఓడటం ఎక్కడ నేర్పుతున్నాం మనం? ఇంట్లో నేర్పం, మనసొప్పదు. క్లాసులో నేర్పం, మార్కులు పోతాయి. మిగిలిన ఆ ఒక్క పీరియడునీ లెక్కల మేష్టారికి ఇచ్చేశాం.

స్కూలు నుంచి రాగానే పిల్లల్ని "గెలిచావా?" అని అడగడం మనకలవాటు. ఈసారి "ఇవాళ నిన్ను ఆడనిచ్చారా?" అని అడిగి చూడండి. మీ అమ్మాయి మోకాలికి మట్టి పూసుకుని వచ్చి, మొహం వేలాడేసి, "మొదటి బంతికే అవుటయ్యానమ్మా" అందనుకోండి. ఓదార్చండి, కాళ్ళు కడిగించండి, తినడానికేమైనా పెట్టండి. లోపల మాత్రం కాస్త సంతోషించండి. అవుటయిందంటే అంతదాకా ఆటలో ఉందన్నమాటేగా!