దిగులు భక్తికి లోపమా?

భగవంతుని నమ్మినవానికి దిగులుండరాదని పెద్దలు చెప్పుదురు. ఈ మాట ధైర్యము కలిగించుటకు పుట్టినది. కాని ఒక్కొక్కప్పుడు ఇదే మాట బాధపడువాని గుండెపై మరియొక బరువై కూర్చుండును. పరీక్ష తప్పిన కుమారుని గూర్చిన చింతతో తల్లి రాత్రులు నిద్రపోదు. అప్పు తీరని రైతు ఆకాశమువంక చూచుచు అరుగుమీద కూర్చుండును. కార్యాలయమునకు వెళ్ళవలసిన ఉద్యోగి తెల్లవారినను మంచము దిగలేడు. చేయవలసిన చిన్న పనియు కొండవలె కనబడును. వీరందరును నిత్యము దీపారాధన చేయువారే. అయినను మనస్సు కుదుటపడదు. అప్పుడు ‘నా భక్తిలోనే లోపమున్నది గాబోలు, లేకున్న ఈ దిగులు నన్నేల పట్టును?’ అను శంక కలుగును. మొదటి బాధకు ఈ రెండవ బాధ తోడగును. ఈ శంక న్యాయమైనదేనా?

ఇందుకు సమాధానము దూరమున వెదకనక్కరలేదు. కష్టము వచ్చినప్పుడు తెలుగువారు పారాయణము చేయు సుందరకాండమే ఇందుకు సాక్షి. అందలి సముద్రలంఘనము, లంకాదహనము అందరకును జ్ఞాపకముండును. నడుమ 12, 13 సర్గలలో వాల్మీకి మహర్షి చూపిన హనుమంతుని మాత్రము చాలమంది గమనింపక ముందునకు సాగిపోవుదురు.

నూరు యోజనముల సముద్రమును దాటిన ఆ మహావీరుడు రాత్రివేళ లంకలో ఇల్లిల్లు వెదకెను. రావణాంతఃపురమున నిద్రించుచున్న మండోదరిని చూచి సీతయని భ్రమించి సంతోషముతో గంతులు వేసెను. రాముని ఎడబాసిన సీత అట్లు నిద్రింపదని తానే గ్రహించి మరల వెదకెను. సీత కనబడలేదు. మనస్సు క్రుంగెను. నిర్వేదము పనికిరాదని తనకు తానే చెప్పుకొని, ధైర్యము తెచ్చుకొని, మరల వెదకెను. అప్పుడును కనబడలేదు. మునుపటికంటె పెద్ద దిగులు ఆయనను చుట్టుకొనెను. ఒకసారి ధైర్యము తెచ్చుకొనినంత మాత్రమున దిగులు తీరిపోదని ఇచ్చట మహర్షి స్పష్టముగా చూపినాడు.

అటుపిమ్మట ఆయన ఆలోచనలు ఎట్లు సాగినవో చూడదగును. సీత సముద్రములో పడెనేమో, రాక్షసులు భక్షించిరేమో అని తలపోసెను. ఉత్తచేతులతో మరలిపోయినచో రాముడు జీవింపడు. రాముడు లేనిచో లక్ష్మణుడు జీవింపడు. ఆ వార్త విని భరతశత్రుఘ్నులు, తల్లులు, సుగ్రీవుడు, తుదకు వానరులందరును నశింతురని ఒకదానివెంట ఒకటిగా ఊహించెను. తాను తిరిగి పోరాదనియు, వానప్రస్థుడై ఎచ్చటనో కాలము గడుపుటయో, అగ్నిలోనో నీటిలోనో ప్రాణములు విడుచుటయో మేలనియు అనుకొనెను.

నిజముగా జరిగినది ఒక్కటే: సీత అంతవరకు కనబడలేదు. తక్కినవన్నియు జరుగనివి. అయోధ్యలోగాని కిష్కింధలోగాని ఎవరును మరణింపలేదు. సీత ఆ లంకలోనే, ఆయన వెదకని అశోకవనమున సజీవయై యున్నది. ‘ఇంకను కనబడలేదు’ అను మాటను మనస్సు ‘ఇక కనబడదు’ అని మార్చుకొనినది. నేడు పరీక్ష తప్పిన బిడ్డను చూచి, వాని బ్రతుకంతయు చెడినదని తెల్లవార్లు కుమిలిపోవు తల్లి మనస్సును ఈ త్రోవనే నడచుచున్నది.

ఇంతగా క్రుంగినందున హనుమంతుని భక్తికి కొరత కలిగెనని ఏ పౌరాణికుడైనను చెప్పునా? ఆ భయమంతయు రామునిపైగల ప్రేమనుండి పుట్టినది. ప్రేమించనివానికి ఆ దిగులే లేదు. భగవద్గీత మొదటి అధ్యాయమునందును అర్జునునకు నోరెండినది, శరీరము వణికినది, గాండీవము చేజారినది. పెద్దలు ఆ అధ్యాయమునకు విషాదయోగమని పేరు పెట్టిరి. కావున దిగులు కలుగుట భక్తికి లోపము కాదు. ఆ దిగులు చెప్పినదే తుది సత్యమని నమ్మి, చేయవలసిన పనిని విడిచిపెట్టుటయందే ప్రమాదమున్నది.

హనుమంతుడు ఆ ప్రమాదమునుండి బయటపడిన విధము సామాన్యులకును సాధ్యమైనది. మరణమునందు దోషములు పెక్కు కలవనియు, జీవించియున్నవానికే శుభము చేకూరుననియు మొదట నిశ్చయించుకొనెను. అంతట పెద్ద వృక్షములుగల అశోకవనము ఆయన కంటబడెను. ఇది తాను వెదకని చోటు అని గుర్తించెను. రామలక్ష్మణులకు, సీతకు, దేవతలకు నమస్కరించెను. నమస్కరించి అచ్చటనే కూర్చుండలేదు; ఆ వనప్రాకారము మీదికి లంఘించెను. ప్రార్థన ఆయనకు పనికి బదులు కాలేదు, పనికి ముందడుగైనది.

మంచము దిగలేని ఉద్యోగికి ఆ నాటి వెదకని వనము స్నానమాడి దీపము వెలిగించుట కావచ్చును. అప్పుల రైతునకు ఇంటివారితో కూర్చుండి లెక్క అంతయు దాచక చెప్పుట కావచ్చును. ఆ తల్లికి కుమారుని పిలిచి అన్నము పెట్టుట కావచ్చును. ఇవి చిన్న పనులు. కష్టమునంతటిని ఒక్కసారి తీర్చవు. కాని దిగులు కల్పించిన లోకమునుండి మనిషిని ఉన్న లోకమునకు తీసికొనివచ్చును.

ఇదే కాండమునందు దిగులు పడువారి చుట్టునున్నవారికిని ఒక ధర్మము చెప్పబడినది. అశోకవనమున సీతాదేవియు సహనము నశించి, తన జడతోనే ప్రాణములు విడువదలచెను. తాను ఓదార్పక వెడలిపోయినచో ఆమె జీవింపదని చెట్టుపైనున్న హనుమంతుడు గ్రహించెను. ఏ భాషలో మాటాడినచో ఆమె బెదరకుండునో అని ఎంతయో యోచించెను. ‘నీవంటి పతివ్రత దుఃఖింపవచ్చునా?’ అని ఆయన మందలింపలేదు. ఆమెకు ప్రియమైన రామకథను మెల్లగా, మధురముగా వినిపించెను. దిగులుతోనున్నవానిని ‘నీకు నమ్మకము లేదు’ అని దెప్పిపొడుచువారు ఈ ఘట్టమును మరల ఒకసారి చదువవలెను.

కొందరి దిగులు వారములు గడచినను తీరదు. నిద్రను, ఆకలిని హరించును. మరణమే మేలని చెప్పును. అట్టివారు వైద్యుని చూచుట దైవమును నమ్మకపోవుట కాదు. వైద్యుని నారాయణునిగా భావించు సంప్రదాయము మన దేశమునందు ఉండనే యున్నది. భారత ప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యపై ఫోను చేసినచో ఏ వేళనైనను తెలుగులోనే మాటాడవచ్చును. ఆ ఫోను చేయుటయే ఒకనికి ఆ రాత్రి వెదకని వనము కావచ్చును.

సుందరకాండము పారాయణము చేయువారు ఆ రెండు సర్గలయొద్ద కొంచెము నిలువవలెను. అచ్చటి హనుమంతునకు ఇంకను సీత కనబడలేదు, విజయమును లేదు. చుట్టును చీకటి, శత్రువుల నగరము, వణకుచున్న మనస్సు మాత్రమే కలవు. అయినను ఆయన రామదూతయే. దిగులుతో దేవుని యెదుట నిలిచినవాడును భక్తుడే.