తపస్సునకు తూనిక గలదా?

సిక్కోలు సీమలో సముద్రపుటొడ్డు పల్లెలందు, సైన్యమునకో పోలీసు కొలువునకో ఎంపిక కాగోరు యువకులు, తెల్లవారుజామున నడుమునకు మోకు బిగించి, దాని కొసను పాత టైరు కట్టి, ఇసుకపై నీడ్చుచు పరుగెత్తుట క్రొత్త విషయము కాదు. సంతబొమ్మాళి మండలమందలి భావనపాడు తీరమున నట్టి సాధన చేయు కుర్రవాని నెవనినైనను "నీ వీడ్చునది యెంత?" యని యడిగినచో, వాడు టైరు బరువును కిలోలలో చెప్పును. ఆ యుత్తరము అసత్యము కాదు. అడిగినదానికి సమాధానమును కాదు. టైరు బరువనగా భూమి దానిని క్రిందికి లాగు బలము. పరుగెత్తువానిని వెనుకకు లాగునది వేఱొక బలము. మన మతాచారములలో తపస్సనియు, వ్రతమనియు, మొక్కనియు పేర్కొనబడు వానియందు ఎంత కష్టమో అంత ఫలమని తరతరములుగా నమ్ముచున్న మనము, ఆ కష్టమును దేనితో కొలుచుచున్నాము? టైరు బరువుతోనా, త్రాటి బిగువుతోనా?

నేలపై నీడ్వబడు వస్తువును వెనుకకు పట్టియుంచునది ఘర్షణ. అది వస్తువు బరువుతోబాటు పెరుగునని ఫ్రాన్సు దేశీయుడగు అమాంటన్ 1699లో చూపెను. కూలుంబు 1785లో ప్రకటించిన గ్రంథమున దానిని మిక్కిలి విస్తరించెను. ఇరువది కిలోల టైరు, ఘర్షణ గుణకము 0.5 గల నేలపై, పది కిలోల బరువునకు సమానమగు బలముతో మాత్రమే వెనుకకు లాగును, గుణకము 0.3 అయినచో ఆఱు కిలోలే. పొడి యిసుకలో టైరు అంచు దిగబడి యిసుకను ముందునకు త్రోయుచుండును గనుక ఆ లెక్కయు మాఱిపోవును. త్రాడు నడుమునకు గాక భుజములకు కట్టినచో, వాలు హెచ్చి, లాగుడులో కొంత టైరు నెత్తుటకు పోవును. కావున నిజము తెలియగోరువాడు త్రాటి నడుమ స్ప్రింగు కాటా నుంచి చూడవలెను. ఆ ముల్లైనను నిలకడగా నుండదు, పాదము నేలను దన్నినప్పుడెల్ల ముందునకు దుమికి, పాదము గాలిలో నున్నప్పుడు వెనుకకు జాఱును. సగటు కట్టుటయే గతి.

ఇదే శ్రీకాకుళము జిల్లాలో ఆమదాలవలస చెంతనున్న ఊసవానిపేట బిడ్డ కరణం మల్లీశ్వరి, 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో ఒకసారి 110, మఱొకసారి 130, వెరసి 240 కిలోలెత్తి కాంస్యపతకము గైకొన్నప్పుడు కొలతను గూర్చిన సందేహ మెవరికిని కలుగలేదు. ఇనుప ప్లేటు ఊసవానిపేటలో నెంతయో సిడ్నీలోను ఇంచుమించు నంతయే. ఈడ్చువాని విషయ మట్లు కాదు. వీరఘట్టమువాడైన కోడి రామమూర్తినాయుడు గొలుసులు పట్టి రెండు మోటారు కార్లను కదలనీయక నిలిపెనని ప్రసిద్ధి. ఆ గొలుసుల నడుమ నొక కాటా నుంచిన పుణ్యాత్ము డెవడైన నున్నచో నేడు మనకెంత యుపకారమయ్యెడిది!

క్రీడాశిక్షకులు ఈ చిక్కును చిరకాలమునుండి యెఱుగుదురు. స్లెడ్డను చక్రములు లేని యినుప బండిపై ప్లేట్లు పేర్చి పరుగెత్తించునప్పుడు, వారు బరువును విడిచి వేగనష్టమును ప్రమాణముగా గ్రహించిరి. ఏ భారమును లేనప్పుడు వీడెంత వేగముగా పరుగెత్తును, స్లెడ్డుతో నెంత పరుగెత్తును, ఆ రెంటి తారతమ్యమే వీనికి తగిన కొలత. నూటికి పది పాళ్లకంటె వేగము తగ్గరాదని, తగ్గినచో పరుగు తీరు చెడునని పూర్వపు నియమము. 2017లో వెలువడిన యొక పరిశోధన ననుసరించి, దేహశక్తి యత్యధికముగా వ్యక్తమగునది వేగము దాదాపు సగమునకు దిగినప్పుడు. ఆ పరీక్ష జరిగిన నేలపై నందుకు స్లెడ్డున నుంచవలసి వచ్చినది పరుగెత్తువాని శరీరభారములో నూటికి 69 మొదలు 96 పాళ్లు. పాత నియమము సరియా క్రొత్తది సరియా యను వివాదము శిక్షకులదే. నా కిందు ముఖ్యమైనది రెండు పక్షములకును సమానమైన మాట. భారమెంతయో చెప్పుటకు ముందు, మోయువాడు భారము లేనప్పు డెట్లుండునో తెలిసియుండవలెను.

మన ధర్మశాస్త్రకర్తలకు ఈ యెఱుక లేదనరాదు. ప్రాజాపత్య కృచ్ఛ్రము పండ్రెండు దినముల ప్రాయశ్చిత్తము: మూడు దినములు పగటి భోజనము మాత్రము, మూడు దినములు రాత్రి భోజనము మాత్రము, మూడు దినములు అడుగక లభించినది, మూడు దినములు శుద్ధోపవాసము. భారమును క్రమముగా హెచ్చించు ఈ యమరికను చూచి యే వ్యాయామశిక్షకుడైనను తల యూపును. అంతకంటె చిత్రము, ఎనుబది యేండ్లు దాటినవారికి, పదునాఱేండ్లు నిండని బాలురకు, స్త్రీలకు, రోగులకు సగము ప్రాయశ్చిత్తమే చాలునని స్మృతులు చెప్పుట. మోయువానిని బట్టి భారము తగ్గవలెనని వారెఱిగిరి. కాని ఆ మోయువానిని వయస్సుచేతను స్త్రీపుంభేదముచేతను గుర్తించిరే కాని, పరుగెత్తించి చూడలేదు. పొలములో దినమెల్ల వంగి పనిచేయు స్త్రీకి సగము, నీడపట్టున గూర్చుండు పురుషునికి నిండు ననుట యే కాటాకు నిలుచును? ఇక కృచ్ఛ్రమునకు బదులుగా గోదానము చేయవచ్చునను ప్రత్యామ్నాయ విధిని జూడుడు. నూఱు గోవులు గలవాని నడుమునకు కట్టిన త్రాటిలో ఆ యొక్క గోవుచేత నెంత బిగువు పుట్టును? త్రాడు నేలపై వ్రేలాడుచునే యుండును. ఒకే గోవు గలవాని కదే త్రాడు నడుము విఱుచును. శాస్త్రము ఈ యిద్దఱికిని ఒకే యంకె వ్రాసినది. అరసవల్లి సూర్యదేవునకు నూటయెనిమిది ప్రదక్షిణములు మ్రొక్కిన యువకునికిని, మోకాళ్లు పట్టిన వృద్ధురాలికిని లెక్క యొక్కటియే. ఆ లెక్క టైరు బరువు వంటిదే.

ప్రతిరోధమున మాత్ర భేదమే కాదు, స్వభావ భేదమును గలదు. స్లెడ్డు మిక్కిలి పీడించునది కదలించు క్షణముననే. కదలినపిమ్మట కొంత తేలికపడును. పరుగువాని వీపున గట్టు పారాచూటు తద్విరుద్ధము: వేగము రెట్టింపైనచో దాని లాగుడు నాలుగింత లగును గనుక, అది మందగామిని బాధింపదు, శీఘ్రగామినే బాధించును. పతంజలి చెప్పిన తొమ్మిది యంతరాయములలో స్త్యానము, ఆలస్యము మొదటి జాతివి. ఒక భూమిక నందియు నందు నిలువలేకపోవుటయను అనవస్థితత్వము రెండవ జాతిది, దానిని తెలిసికొనుటకైనను చాలదూరము పోయియుండవలెను. వ్యాఖ్యాతలు ఈ తొమ్మిదింటిని వరుసగా వివరించిరి కాని, ఏది యే వేగమున పుట్టునో విడదీసి చూపినట్లు నాకు తోపదు. ప్రతిరోధములలో మూడవది స్తంభమునకు త్రాడు చుట్టి లాగించు సాధనము. ఇందు ప్రతిరోధము చుట్ల సంఖ్యతో కూడికగా గాక గుణకారముగా పెరుగును. ఘర్షణ గుణకము 0.3 అయినచో ఒక్క చుట్టుచేత బలము దాదాపు 6.6 రెట్లు, రెండు చుట్లచేత దాదాపు 43 రెట్లు. రేవులో ఓడను కట్టు మనుష్యుడు గుంజకు మోకు రెండు మూడు చుట్లు చుట్టి, ఒంటిచేత నంతటి నావ నాపుట కిదియే రహస్యము. వాసనలు పేరుకొనుట యిట్టిదే యని నా యభిప్రాయము. రెండవసారి చేసిన తప్పు మొదటిదానికి తోడగుట కాదు, దానిని హెచ్చవేయుట.

మందరమునకు వాసుకిని చుట్టిన కథ యిచ్చట జ్ఞప్తికి రాకమానదు, అందును కూర్మరూపుడై విష్ణువు పూజలందు శ్రీకూర్మ మీ జిల్లాలోనే యుండగా. ఆ కొండకును ఆ పామునకును నడుమ ఘర్షణయే లేకున్నచో, దేవదానవు లెంత లాగినను వాసుకి జాఱిపోవునే కాని మందరము తిరుగదు, అమృతము పుట్టదు. పరుగువాని గతియు నంతే. టైరును వెనుకకు పట్టు నేల యేదో, వాని పాదమును జాఱనీయక ముందునకు నెట్టనిచ్చు నేలయు నదియే. ఘర్షణ లేని నేలపై టైరు తేలికయగును, నిజమే. కాని వాడొక్క యడుగైనను వేయలేడు. సంసారమును కేవలము ప్రతిబంధకముగా నిందించు వైరాగ్యప్రసంగములు వినునప్పుడెల్ల, ఆ యుపన్యాసకుడు దేనిపై నిలుచుండి మాటాడుచున్నాడని యడుగ బుద్ధిపుట్టును.

ప్రతిబంధకము బయటనే యున్నదా, లోపల గూడ నున్నదా? ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు ఏ. వి. హిల్ తన సహచరులతో కలిసి, పరుగెత్తువాని రొమ్మునకు అయస్కాంతము కట్టి, బాట వెంబడి తీగచుట్ట లమర్చి, ఒక్కొక్క చుట్టను దాటినప్పుడు కలుగు విద్యుత్స్పందముచేత వేగమును లెక్కించి, 1927లో ఫలితములు ప్రకటించెను. వెనుక నే టైరును లేకున్నను మనుష్యుని వేగ మొకచోట నాగిపోవుట చూచి, కండరము లోపలనే తేనెవంటి చిక్కని ద్రవపు ప్రతిరోధ మున్నదని యాతడు భావించెను. పదునొకండేండ్లకు, 1938లో, తానే ఆ యూహను విడిచెను: లోపల నడ్డుపడు పదార్థ మేదియు లేదు, కండరము త్వరగా ముడుచుకొనుకొలది దాని లాగుబలమే తగ్గునని తేలినది. శైవసిద్ధాంతులు జీవుని కప్పియుంచు ఆణవమలము ఒక ద్రవ్యమనియు, కంటి పొరను వైద్యుడు తీసినట్లు దీక్షారూపమైన క్రియచేతనే తొలగవలెననియు చెప్పుదురు. అద్వైతులు జీవుని బంధించు నజ్ఞానమును జ్ఞానమాత్ర నివర్త్యమందురు. హిల్ ప్రయోగ మీ వాదమును తీర్చునని నేననను, కండరము వేఱు, ఆత్మ వేఱు. కాని కొలతలో కనబడిన ప్రతి లోటునకును లోపల నొక శత్రువును కల్పించుకొనుట యెంత సులభమో, దానిని విడుచుట కెంత నిజాయితీ కావలయునో ఆ పదునొకండేండ్లు చెప్పుచున్నవి.

వంశధార యొడ్డున శాలిహుండము కొండపై స్తూపములు నిలిపిన భిక్షువులు సోణుని కథ యెఱిగినవారే యయియుందురు. అతిసుకుమారుడగు నాతడు చంక్రమణము చేసి చేసి, నడచిన నేల నెత్తురుతో తడిసినపిమ్మట, ఇంత శ్రమించియు విముక్తి లేదేమని నిరాశపడెను. బుద్ధుడు వాని నడకను తగ్గింపుమనియు హెచ్చింపుమనియు లెక్క చెప్పక, ఇంటనున్నప్పుడు వాడు వాయించిన వీణ తీగెల బిగువును గూర్చి యడిగెను. గీతయు దేహమును పీడించు తపమును తామసమనెను. నెత్తురు కారినది గనుక తపస్సు గొప్పదనువా డెప్పుడును త్రాటిని చూడడు, టైరునే చూచును.

శరణాగతియే ముఖ్యమను ప్రపత్తివాదులు మాత్ర మీ కొలతల నన్నిటిని త్రోసిపుచ్చుదురు; వారి వాదమునకు బలము లేకపోలేదు. తీరమున అలివి వలను లాగునప్పుడు, రెండు మోకులకును వరుసగా పలువురు చేతులు వేయుదురు. ఒక్కొక్క చేతిచెంత నొక కాటా నుంచినచో, కొందఱి ముల్లు కదలనే కదలదని తేలవచ్చును. రథము మోకును తాకు బాలుని ముల్లు సున్నయే; రథము వాని వలననైనను నడచుచున్నదని భక్తుడు నమ్మును, వానిని వెడలగొట్టు శాస్త్ర మేదియు లేదు. ఈశ్వరుడు లాగుచున్న త్రాటిపై మన చేయి యుండుటయే చాలును, ఎంత లాగితిమని యడుగువాడు వర్తకుడే కాని భక్తుడు కాడని వారందురు. ఫలమును గూర్చి యీ మాట నేనొప్పుదును: వలలో పడినది చేపయో నాచో త్రాటి బిగువు చెప్పజాలదు, ఆ బిగువు రెంటికి నొక్కటియే. సాధనను గూర్చి యొప్పను. ఏలయన, మ్రొక్కుకొనువానికి మ్రొక్కు నిర్ణయించు పెద్ద యొకడుండును. ఆ పెద్ద, పారాచూటు కట్టవలసినవానికి స్లెడ్డును, పండ్రెండు దినముల కృచ్ఛ్రము చేయలేనివానికి నూటయెనిమిది ప్రదక్షిణములను విధించినప్పుడు, దాని బాధ్యతను ఈశ్వరుని కృపపై వేయుట న్యాయము కాదు.