గృహమునందలి నామసంకీర్తనము



భాగవతమున ప్రహ్లాదుడు తండ్రికి చెప్పిన తొమ్మిదివిధముల భక్తిలో మొదటిది శ్రవణము, రెండవది కీర్తనము. ఈ క్రమము యోచింపదగినది. విననివాడు పాడలేడు. మన యిండ్లలో శిశువు భగవన్నామమును మొదట వినునది దేవాలయమున గాదు, పండితుని యొద్దను గాదు. ఉయ్యెల యూపుచు తల్లియో అమ్మమ్మయో పాడు పాటలోనే వినును. కాబట్టి సంకీర్తనమునకు మొదటి పాఠశాల గృహము. మొదటి గురువు స్త్రీ. ఈ మాటను మనస్సునం దుంచుకొని గృహసంకీర్తనమును గూర్చి కొంత విచారింతము.

గోదావరీమండలమున ఈ సంకీర్తనపు సొగసు మీ రెఱుగనిది కాదు. ధనుర్మాసమున హరిదాసు తలపై అక్షయపాత్ర ధరించి, చిడతలు వాయించుచు, హరినామమును పాడుచు కోనసీమ గ్రామములలో వాకిట వాకిట నిలుచును. ముంగిట ముగ్గు వేయుచున్న యిల్లాలు తన బిడ్డచేత పిడికెడు బియ్యము పోయించును. బిడ్డ కందునట్లు హరిదాసు మోకాలిపై వంగును. కార్తికమున సాయంకాలము గోదావరిలో దీపములు విడుచు స్త్రీల నోట నామమే. మునిపల్లె సుబ్రహ్మణ్యకవి యధ్యాత్మరామాయణ కీర్తనలను అక్షరము రాని వృద్ధస్త్రీలు సయితము కంఠస్థము చేసి, వత్తులు చేయుచు, తిరుగలి విసరుచు పాడుకొనిరి. పని పాటతో తేలికయయ్యెను. పాట పనితో నిత్యమయ్యెను.

ఈ యానందమునకు మూలమేమి? మంత్రమున కధికారులు కొందఱు. కీర్తనమున కందఱు నధికారులే. యజమానుడు పీటపై కూర్చుండి యొంటరిగా జపము చేసికొనునపుడు తక్కినవారు మౌనముగా తొలగియుందురు. అతడే యొక చరణము పాడగా భార్య యందుకొని, పిల్లలు తాళము వేసినపుడు, మూడుతరములవారు నొక్క కంఠ మగుదురు. పగలెల్ల చిన్నమాటపై పట్టింపు పెట్టుకొన్న అత్తాకోడండ్రును రాత్రి యొక్క శ్రుతిలో కలియక తప్పదు. శ్రుతి కలిసినచోట పట్టింపు నిలుచుట కష్టము.

తాళ్లపాకవారి గృహమును చూడుడు. అన్నమాచార్యులు (1408–1503) శ్రీ వేంకటేశ్వరునిపై వేలకొలది సంకీర్తనములు రచించిరి. ఆ యింటి యిల్లాలు తిమ్మక్క సుభద్రాకళ్యాణమును రచించెను. కుమారుడు పెదతిరుమలాచార్యుడును, మనుమడు చినతిరుమలాచార్యుడును తండ్రితాతల త్రోవనే పాడిరి. వారి పాటలు రాగిరేకులపై చెక్కబడి తిరుమలలో నిలిచినవి. పాటను కాపాడినది రాగిరేకు. పుట్టించి పెంచినది కుటుంబము.

విద్యావంతులు కొందఱు భజన పామరుల సందడి యనియు, ఉత్తమోపాసన మౌనధ్యానమే యనియు నెంచుదురు. వంగదేశమునను నిట్టి తలంపు లేకపోలేదు. అయినను నిరాకారబ్రహ్మము నుపాసించు కేశవచంద్రసేనుడే 1868 జనవరి 24వ తేదీన తన సమాజమువారితో కలకత్తా వీధులలో నగరసంకీర్తనము నడపెను. బుద్ధి యొప్పుకొన్నదానిని హృదయమున కెక్కించుటకు పాటకంటె దగ్గఱత్రోవ లేదని ఆయన కనుగొనెను.

అందఱు నధికారులే యని పలికితిమి గదా; ఈ మాట మన యిండ్లలో నిజమా? భజన ముగియవచ్చును. మంగళహారతి పాడవలసిన వేళ యగును. ముత్తయిదువులు పళ్లెరము చుట్టును చేరుదురు. అంతవఱకు అందఱికంటె నెక్కువ కీర్తనలు పాడిన మేనత్త, వితంతువగుటచేత, మెల్లగా లేచి తలుపుచాటునకు తొలగును. ఆమెను పొమ్మని యెవ్వరును చెప్పరు. చెప్పవలసిన పనిలేకుండ మనము నేర్పియుంచితిమి.

ఇచ్చట మీకు తరిగొండ వెంగమాంబను (1730–1817) జ్ఞప్తికి దెచ్చుచున్నాను. ఆమె చిన్ననాటనే భర్తను గోల్పోయెను. వైధవ్యచిహ్నములను తాల్చుట కామె యంగీకరింపలేదని ప్రసిద్ధి. తిరుమల చేరి, స్వామిని సేవించి, కావ్యములు రచించెను. ఏకాంతసేవవేళ నేటికిని ఆమె పేర స్వామికి ముత్యాలహారతి జరుగుచున్నది. తిరుమలలో మంగళమైన హారతి మన చావడిలో నమంగళ మెట్లగును? న్యాయస్థానమున నింతటి పూర్వనిర్ణయము చూపబడిన పిమ్మట ప్రతివాది కేమి యుత్తరము మిగులును?

1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు తొలి వితంతువివాహమును జరిపించిరి. అందులకై వారు బహిష్కారమును, నిందను సహించిరి. వివాహమాడగోరువారికి నాడు త్రోవ యేర్పడెను. వివాహమాడక పుట్టినింటనో మెట్టినింటనో కాలము గడపువారికి దీపమునొద్ద చోటిచ్చుటకు శాసనములు వలదు, చందాలు వలదు, సభలు వలదు. హారతిపళ్లెరమును మీ చేతులతో నెత్తి ఆమె చేతుల కందిచ్చిన చాలును. గడపవెలుపల నిలిచి వినుచున్న పనిమనిషిని లోపలికి పిలిచి కూర్చుండబెట్టినచో ఆనాటి సంకీర్తనము పూర్తియగును.

ఇక ఆచరణమునుగూర్చి రెండుమూడు మాటలు. సంధ్యాదీపము వెలిగించిన పిమ్మట అరగంట చాలును. పిల్లల కర్థమగు పాటను గైకొని, పాడుటకు ముందు దాని భావము చెప్పుడు. కంఠమాధుర్యమును పరీక్షింపకుడు, అపశ్రుతికి నవ్వుట అపశ్రుతికంటె చెడ్డది. లౌడుస్పీకరుపెట్టి పొరుగువారి నిద్ర చెఱచుట భక్తి గాదు. చేతిఫోనులో పాట పెట్టుకొని యెవరిగదిలో వారు వినుట శ్రవణము మాత్రమే. ప్రహ్లాదుడు చెప్పిన రెండవమెట్టు ఎక్కుటకు మీ గొంతే కావలెను, మీ యింటిల్లిపాది గొంతులును కావలెను.

పరమేశ్వరా! నిన్ను పాడుటకు మాకు నాలుక నిచ్చితివి, వినుటకు వీనుల నిచ్చితివి, కూడి పాడుటకు కుటుంబము నిచ్చితివి. తలుపుచాటున నిలిచినవారి కంఠమును నీవు వినుచునే యున్నావు. దానిని వినగల చెవిని మాకిమ్ము. వారిని మా నడుమకు దోడ్కొనివచ్చు ధైర్యము నిమ్ము.

ఓం శాంతిః శాంతిః శాంతిః.