పేరు తప్పిన పిలుపు

బిడ్డకు తల్లిదండ్రు లొసగు తొలి సొత్తు పేరు. ఇల్లు, పొలము, మగ్గము తరువాత వచ్చును. కొందరికి రానే రావు. ఇరువది యొకటవ దినమున తొట్టెలలో పరుండబెట్టి పిలిచిన పేరు మాత్రము కడవరకు తోడుండును. అట్టి పేరును ఇచ్చినవారే తారుమారు చేసి పిలుచుట ఇంటింట కనబడుచునే యున్నది. ఇది ప్రేమలోపమా? లేక ప్రేమకే మరియొక రూపమా? విచారింపదగిన విషయ మిది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో ఈ తారుమారునకు అనుకూలమైన కారణ మొకటి కలదు. సంతానమునకై వేములవాడ రాజన్నకు కోడె మొక్కు మొక్కుకొనువారు, ధర్మపురి నరసింహస్వామిని, కొండగట్టు అంజన్నను శరణు జొచ్చువారు ఇచ్చట ఎందరో కలరు. హరిహర భేద మెంచని ఈ సీమలో మొక్కు ఫలించిన పిదప బిడ్డకు ఆ స్వామి పేరే పెట్టుదురు. అందుచే ఒకే యింట రాజయ్య, రాజేశం, రాజవ్వ యుండుటయు, వారి సరసనే నర్సయ్య, నర్సవ్వ యుండుటయు సామాన్యము. బీడీల చాట ఒడిలో పెట్టుకొని పని చేసికొను తల్లి వాకిట నున్న కుమారుని పిలువబోయి, "రాజేశం... కాదు, రాజయ్యా... అయ్యో, నీ పేరేందిరా, నిన్నే, ఇటు రా" అనును. విన్నవారు నవ్వుదురు. పిలువబడినవాడు సగము నవ్వి, సగము నొచ్చుకొనును.

ఆ నొప్పికి హేతువు లేకపోలేదు. ఈ సీమనుండి ఎందరో యువకులు దుబాయి, మస్కటు, సౌదీ దేశములకు జీవనోపాధికై పోవుదురు. సిరిసిల్ల నేతపనివారి కుటుంబములు భీవండి, షోలాపురము వరకు వలసపోయినవి. పెద్దవాడు ఎడారి దేశమున నుండగా చిన్నవాడు ఇంట నిలిచి తల్లికి మందు తెచ్చును, పొలము చూచును, రాత్రివేళ ఆమె దగ్గినపుడు లేచి నీరిచ్చును. ఒకనాడు ఆమె నీటిచెంబు అందుకొనుచు వానిని పెద్దవాని పేరున పిలుచును. దగ్గర నున్న తాను ఆమెకు కనబడుట లేదని వాని మనస్సు క్రుంగును. మరియొక యింట గతించిన బిడ్డ పేరు బ్రతికియున్న బిడ్డకు తగులును. ఆ క్షణమున ఇంటిల్లిపాదియు మౌనము వహింతురు. నవ్వులాటగా తోచిన విషయము అచ్చట ధర్మసందేహ మగుచున్నది.

అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమునకు చెందిన మనస్తత్వ పరిశోధకులు 1,700 మందికి పైగా జనులను ఈ విషయమై ప్రశ్నించి, 2016లో ఫలితములను ప్రకటించిరి. పేరు తప్పినప్పుడు నోటికి వచ్చునది ఏదో యొక పేరు కాదనియు, సాధారణముగా అదే బంధవర్గములోని వారి పేరే వచ్చుననియు వారు కనుగొనిరి. కుమారుని పిలువబోయినపుడు మరియొక కుమారుని పేరు వచ్చును. కేవల పరిచయస్థుని పేరు అరుదు. ఇంటి కుక్క పేరు సైతము ఆ వరుసలో చేరునట! పేర్లలోని ధ్వనిసామ్యము కొంత తోడ్పడును. రూపసామ్యమునకు ప్రాధాన్యము స్వల్పము. ఇది వృద్ధాప్య దోషము కాదు. అన్ని వయస్సులవారియందును కనబడునదే. ఒకే గుమ్మిలో పోసిన గింజలలో చేయి పెట్టినవానికి కోరిన గింజయే మొదట రాదు గదా! తల్లి హృదయమున బిడ్డల పేర్లన్నియు ఒక్కచోటనే యున్నవి.

ఇక పెద్దల మాట చూతము. శ్రీమద్భాగవతము షష్ఠస్కంధమున అజామిళుని కథ కలదు. ఆతనికి పదుగురు కుమారులు; కడగొట్టువాని పేరు నారాయణుడు. యమభటులు ఎదుట నిలిచినపుడు అజామిళుడు భీతిల్లి ఆ బాలునే పిలిచెను. వైకుంఠనాథుడు ఆతని తలపునకే రాలేదు. అయినను విష్ణుదూతలు వచ్చి నిలిచిరి. వేరొకరి నుద్దేశించి పలికినను, పరిహాసముగా పలికినను భగవన్నామము పాపహర మని యమభటులకు తెలిపిరి. ఈ కథను నామమహిమకు నిదర్శనముగా చెప్పుకొందురు. ఇందు మరియొక సూక్ష్మము కలదు. పిలుపు తనది కాదని స్వామి పెడమొగము పెట్టలేదు. "నీవు పిలిచినది నీ కొడుకును గదా" యని వాదింపలేదు. చెవిని బడిన పిలుపును తనదిగా గ్రహించెను.

భీష్ముడు ధర్మరాజునకు ఉపదేశించిన సహస్రనామములను నిత్యము పఠించు గృహము లెన్నియో కలవు. వేయి నామముల వేల్పే పరుని కొరకైన పిలుపునకు పలుకగా, అన్న పేరున పిలువబడిన తమ్ముడు పలుకుటకు వెనుదీయ నేల? "ఏందవ్వా" యని దగ్గరకు పోవుట పుత్రధర్మము. ఆమెకు కావలసినవాడు వాడే; నాలుక మాత్రము ప్రక్కవానిని తాకి వచ్చినది.

అట్లని తల్లిదండ్రులకు కర్తవ్యము లేకపోలేదు. నాలుక జారుట వేరు, పోల్చి చిన్నబుచ్చుట వేరు. "అన్న లెక్క నువ్వెందుకు లేవురా" యను మాటలో ఏ పేరును తప్పలేదు. కాని బిడ్డ మనస్సు విరుగును. పేరు జారినపుడు వెంటనే సరిదిద్దుకొని, వాని పేరున వానిని మరల పిలువవలెను. అది వాని సొత్తు. గతించిన బిడ్డ పేరు జారిన యెడల దానిని దాచి కుమిలిపోవ నక్కరలేదు. ఆ బిడ్డను ఇరువురును తలచుకొని, పిదప ఎదుట నున్నవానిని వాని పేరున దగ్గరకు తీసికొనుట మేలు.

ధర్మపురి వాసియగు శేషప్పకవి తన నరసింహ శతకమున, మరణకాలమందు స్వామి నామమును మరచిపోవుదునేమో యని వెఱచి, బుద్ధి నిలిచియున్న నేడే స్మరించుచున్నానని విన్నవించుకొనెను. ఆ వెఱపునకు వరాహస్వామి భూదేవికిచ్చిన అభయమే సమాధానము. స్వస్థుడై యున్ననాడు తన్ను తలచినవాడు కట్టెవలె, రాతివలె పడియున్న వేళ, తానే వానిని తలతునని స్వామి పలికెను. వైష్ణవులు దీనిని చరమశ్లోకముగా అనుసంధింతురు.

గృహధర్మమును ఇట్టిదే. తల్లికి పేర్లే కాక మనుష్యులే గుర్తు తప్పు దినము రావచ్చును. అది నాలుక జారుట కాదు. వైద్యునికి చూపవలసిన స్థితి. నా డామె మరచినదానిని బిడ్డ జ్ఞప్తి యుంచుకొనవలెను. మాట రాని పసితనమున వాని పేరును వానికి మరల మరల వినిపించి నేర్పినది ఆమెయే గదా!

జాతర రద్దీలో బిడ్డ కనబడని తల్లి, నోటికి వచ్చిన పేర్లన్నియు కలిపి కేక వేయును. ఏ పేరు ముందు వచ్చినను బిడ్డ ఆ కేకను ఎఱుగును. గొంతు తల్లిది. వాడు పరుగెత్తుకొని వచ్చును.