కొయ్య చేపకు నీళ్లెందుకు?

కరువు సీమలో ఒక వడ్రంగి కొయ్యలో చేపను చెక్కాడనుకోండి. తిరునాళ్లలో దొరికే బొమ్మ చేప కాదు. పొలుసు పొలుసుకూ ఉలి పెట్టి, రెక్కల్లోని ముళ్లను లెక్క తప్పకుండా తీర్చి, తడిగా ఉందేమోనని మీరు వేలితో తాకి చూసేటంత నిజమైన చేప. ఆ పని మంచిదేనా? అది చేపకు చేసిన గౌరవమా, లేక చేప లేని లోటు మనకు కనబడకుండా చేసే మోసమా?

తీరుబడి ఉన్నవాళ్ల ప్రశ్న అని కొట్టిపారేయకండి. అనంతపురం వాసులకు ఇది గట్టి ప్రశ్నే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకంగా పడని నేల ఇది. అయినా మన పెద్దలు పెట్టిన పేర్లు చూడండి. 14వ శతాబ్దిలో, బుక్కరాయల కాలంలో కట్టిన అనంతసాగరం చెరువు వల్లనే పట్టణానికి అనంతపురమని పేరు వచ్చిందని చెబుతారు. ఆ పక్కనే బుక్కరాయసముద్రం. సాగరం, సముద్రం! అల చప్పుడు ఎన్నడూ వినబడని చోట చెరువుకు కట్ట వేసి, దాన్నే సముద్రమని పిలుచుకున్నారు. అది గొప్పలు పోవడమని నేను అనుకోను. పేరు కూడా ఒక ప్రతిరూపమే. ఆ పేరుకు తగ్గట్టు తరతరాలు కట్టకు మట్టి పోశాయి, తూముకు కాపలా కాశాయి.

ఇక కొయ్యకు వద్దాం. మన తెలుగు దేశంలో కొయ్య పనికి లోటేమీ లేదు. కొండపల్లి వాళ్లు తేలికైన తెల్లపొనికి కర్రను సన్నని సెగ మీద ఆరబెట్టి, ముక్కలు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి రంగులద్దుతారు. వారి దశావతారాల వరుసలో చేప ఉంది, కానీ నడుము కిందికే. ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేతు మీద తిప్పి లక్క పట్టిస్తారు. అక్కడ గుండ్రని వస్తువులదే రాజ్యం. చేప గుండ్రం కాదు కదా. మన సీమలో బొమ్మలంటే ముందు గుర్తొచ్చేవి నిమ్మలకుంట తోలుబొమ్మలు. ఆ ఊరు 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. తెర వెనుక దీపం, తెర మీద నీడ. రావణుడు వచ్చాడని పిల్లలు జడుసుకుంటారు గాని, అది తోలేనని వాళ్లకూ తెలుసు. ఈ బొమ్మలేవీ మనల్ని నమ్మించాలని పట్టుబట్టవు.

అచ్చు చేపలాంటి చేపను చెక్కే పని వేరే దేశాల్లో పెరిగింది. స్కాట్లాండులో 19వ శతాబ్ది చివరి నుంచి, ఎవరైనా పెద్ద సాల్మన్ చేపను పట్టారంటే దాన్ని కాగితం మీద పరచి చుట్టూ గీత గీసి, కొలతలు రాసి, చెక్కేవారికి పంపేవారు. అదే పొడవు, అదే పొట్ట, అదే రంగుతో సగం చేప పలక మీద అమరి తిరిగి వచ్చేది. కింద బరువూ తేదీ ఉండేవి. అమెరికాలో మిషిగన్, మిన్నెసోటా రాష్ట్రాల దారి మరొకటి. అక్కడ చలికాలం సరస్సులు గడ్డకట్టినప్పుడు మంచులో కన్నం చేసి, సీసం పోసిన కొయ్య చేపను దారంతో నీళ్లలో ఆడిస్తారు. రేకు రెక్కలతో అది గుండ్రంగా ఈదుతుంది. దాన్ని చూసి వచ్చిన నిజం చేపను బల్లెంతో పొడుస్తారు. మనకంటే ముందే అక్కడి ఆదివాసులైన ఒజిబ్వే వారికి ఈ విద్య తెలుసు. మిషిగన్‌లో కాడిలాక్ అనే ఊరి ఆస్కార్ పీటర్సన్ (1887–1951) ఇలాంటివి వేల సంఖ్యలో చెక్కాడు. నీళ్లలో వేసుకోవడానికి చేసిన ఆ చేపలు ఇప్పుడు కళాఖండాలుగా అద్దాల బీరువాల్లో ఉన్నాయి.

ఈ రెండింటిలో ఏది మోసం? చేపను పట్టడానికి చేసిందే మోసమని చప్పున అంటాం. నాకలా తోచదు. ఆ కొయ్య చేప మనిషికి ఏమీ దాచలేదు. తన పని ఏమిటో చూడగానే చెబుతుంది. గోడ మీది సాల్మన్ విషయమే కొంచెం ఆలోచించాలి. అది చేప గొప్పను చాటుతుందా, పట్టినవాడి గొప్పనా? చాలాసార్లు రెండోదే అనిపిస్తుంది. కింద రాసిన బరువు ఎవరి కోసం మరి!

గుడిలో స్వరూపాల ముందు మోకరించే మనకు ఈ తర్కం కొత్త కాదు. కొయ్యకు మొక్కుతారేమని అడిగేవారికి చెప్పవలసిన జవాబు 787లోనే నైసియా రెండవ మహాసభ ఇచ్చింది. ప్రతిరూపానికి చేసిన గౌరవం దాని వద్ద ఆగదు, అది ఎవరి రూపమో వారికి చేరుతుంది. ఆగిపోతే మాత్రం చిక్కే. ఈ కొలబద్దను చేపకూ పెట్టి చూడండి. కొయ్య చేపను చూసినవాడి మనసు చెరువు వైపు నడిచిందా, లేక గోడ దగ్గరే నిలబడిపోయిందా?

నిలబడిపోవడం ఎంత సులభమో మనకు తెలుసు. చెరువులోకి నీరు తెచ్చే వాగు పూడిపోతుంది. మడవలో సర్కారు తుమ్మ మొలుస్తుంది. మెల్లగా ప్లాట్ల రాళ్లు వెలుస్తాయి. ఊరి కూడలిలో మాత్రం సిమెంటు కొలను, అందులో సిమెంటు చేప, నోటి నుంచి పైపు నీళ్లు. పిల్లలు చప్పట్లు కొడతారు. చేపనడిగిన బిడ్డకు ఏ తండ్రీ పామునివ్వడని క్రీస్తు ప్రభువు అన్నాడు. కొయ్య చేపను చేతిలో పెట్టే తండ్రి సంగతి ఆయన చెప్పలేదు. బిడ్డ ఆడుకోవడానికి అడిగితే మంచిదే, ఆకలేసి అడిగితే? ఉత్థానమైన ప్రభువు తాను భూతాన్ని కానని శిష్యులకు చూపడానికి ఏం చేశాడో లూకా సువార్తలో ఉంది. కాల్చిన చేప ముక్కను వారి ఎదుటే తిన్నాడు. నిజానికి అక్కడ సాక్ష్యం చెప్పింది ఆ చేప. ఎంత బాగా చెక్కినా కొయ్యతో ఆ సాక్ష్యం చెప్పించలేం.

అయితే వడ్రంగిని మానుకొమ్మందామా? ఆయన పని ఎలా సాగుతుందో చూశాక తీర్పు చెబుదాం. కొయ్యలో గీతలు తల నుంచి తోకకు పారేలా చెక్క ఎంచుకుంటాడు. రెక్కలు వేరే పలుచని ముక్కల్లో, గీతలు ముళ్ల వెంబడే వచ్చేలా కోస్తాడు. అడ్డం తిరిగాయా, పుటుక్కున విరుగుతాయి. పొలుసులు ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి తోక వైపు వాలుతాయి. తోక దగ్గర చిన్నవవుతాయి. ఒంటి పక్కన తల నుంచి తోక దాకా ఒక సన్నని గీత ఉంటుంది, దాని మీద పొలుసులు రోహుకైతే నలభై పైచిలుకు. ముప్పై చెక్కినా కొనేవాడు పట్టుకోలేడు. అయినా లెక్కపెట్టేవాడు ఉంటాడు చూశారూ, ఆయనను నేను నమ్ముతాను.

అసలు ఇబ్బంది ఆ తరువాత వస్తుంది. లెక్కపెట్టడానికి చేప ఎక్కడిది? సంతకు వచ్చిన ఐసు పెట్టెలోదే కదా. చచ్చిన చేప కన్ను లోపలికి దిగి తెల్లబడుతుంది. రెక్కలు ముడుచుకుంటాయి. వెన్ను మీది మెరుపు, పొట్ట తెలుపు, రెండూ మట్టిరంగు పడతాయి. ఆ చేపను చూసి పొల్లు పోకుండా చెక్కినవాడు చెక్కింది శవాన్ని. కొలతల్లో తప్పు లేదు, అది చేప మాత్రం కాదు. బతికిన చేప రెక్క ఎలా విచ్చుకుంటుందో, మలుపు తిరిగేటప్పుడు నడుము ఎక్కడ వంగుతుందో తెలియాలంటే కట్ట మీద కూర్చుని నీళ్లలోకి చూడాలి. అందుకు నీళ్లుండాలి.

కొరమీను సంగతే తీసుకోండి. పాము లాంటి తల, వీపు పొడవునా ఒకే రెక్క. గాలి పీల్చి బతకగలదు గనుక చెరువు ఎండుతుంటే బురదలో దూరి వాన కోసం ఓపిక పడుతుంది. అయితే ఆ ఓపికకూ ఒక గడువుంది. బురద పూర్తిగా రాయిగా మారిన చెరువులో అదీ మిగలదు. 2012లో హంద్రీనీవా కాలువ ద్వారా కృష్ణా నీరు జీడిపల్లి జలాశయానికి చేరింది. మళ్లీ చేపల మాట వినబడింది. అయితే కాలువ అందని చెరువులు ఇంకా వాన మీదే ఆధారం.

అలాంటి చెరువు పక్కన, మన కథలోని వడ్రంగి బాడిశ పక్కన పెట్టి కూర్చున్నాడనుకోండి. పైకప్పున్న గుడిసె, ఎండిన పొనికి దుంగ, గీసి పెట్టిన కాగితం, అన్నీ ఉన్నాయి. వాగు నుంచి చెరువులోకి నీరు వచ్చే కాలువ ఎందుకు పూడిందని గ్రామ సభలో లేచి అడిగే మొదటివాడు ఆయనే కావచ్చు. ఆయనకు కన్ను చెక్కడం ఇంకా మిగిలి ఉంది మరి.