శ్రీగంధపు పొరుగు

ఇష్టలింగార్చనకై సానపై అరగదీయు గంధపుచెక్క ఒక్క చెట్టు సొత్తని భక్తులు తలచుట వాడుక. నేలక్రింది వృత్తాంతము వేరు. శ్రీగంధపు వేళ్లు మన్నులో ప్రాకిపోవుచు, పొరుగుచెట్టు వేరు తగిలినచోట చిన్న చూషకములను పుట్టించి, దానిలోనికి చొచ్చి నీటిని, లవణములను పీల్చుకొనును. 1871లో జాన్ స్కాట్ అను వృక్షశాస్త్రజ్ఞుడు ఈ సంగతిని వెల్లడించెను.

పూజకు వచ్చు చెట్టు పరాన్నభుక్కా యని సందేహము కలుగవచ్చును. సగము మాత్రమే. దాని ఆకు పచ్చనిది. ఎండలో తన ఆహారమును తానే సిద్ధపరచుకొనును, కాయకము మానలేదు. అట్లని పొరుగుచెట్టు ఇచ్చుదానిని దాసోహమనుట కూడ సరికాదు. అది అడిగి తీసికొనినది కాదు గదా!

కంది వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి కందికిచ్చును. కంది నుండి గంధము తన పాలు గ్రహించును. అందుచేతనే నారుమడిలో గంధపు మొలక ప్రక్కన కందిని పెంచుదురు. పిమ్మట కానుగ, సరుగుడు వంటి చిరకాలపు తోడు కావలెను. పండిన నల్లని పండ్లను పిగిలిపిట్టలు, కోకిలలు తిని విత్తనములను దూరముగా విడుచును. రేగుకంప క్రింద పడిన విత్తనపు మొలక పశువుల నోటికందక నిలుచును. ముల్లు కూడ ఇచట కాపుదారుయే.

1792లో టిప్పు సుల్తాను గంధమును రాజవృక్షముగా ప్రకటించెను. తన చేనిలో మొలచినదానిపై రైతుకు హక్కు లేనపుడు, దానిని కాపాడుటయందు ఆసక్తి ఎట్లుండును? కర్ణాటకమున 2001లో, తమిళనాట 2002లో చట్టములు సవరింపబడి భూస్వామికి హక్కు లభించెను. నేడు తెలుగునేలపైనను గంధపు తోటలు వెలసినవి. కాని కొందరు చుట్టునున్న ప్రతి మొక్కను కలుపని పెరికివైచి, గంధమును ఏకాకిగా నిలుపుచున్నారు. అది పచ్చబారి కృశించును. ఒక్క జాతినే తోడుంచుటయు ప్రమాదమే: వానలు తప్పి ఆ తోడు నీరసించినచో గంధమును నీరసించును.

అడవిలో మరియొక చిక్కు గలదు. పూలసొగసుకై అమెరికా ఖండము నుండి తేబడిన లాంటానా కంప స్థానిక మొలకలను క్రమ్మివైచి, ఎండి అగ్నికి ఇంధనమగును. గంధపు పలుచని బెరడు ఆ మంటకు తాళలేదు. దొంగనరుకుడు సరేసరి. 1998లోనే ఈ వృక్షము అంతర్జాతీయముగా ముప్పునకు లోనైన జాతులలో చేర్చబడినది.

మఠపు భూమిలో గంధము నాటువారు కంది, కానుగలతోబాటు గట్టున రేగుపొదను కూడ కొట్టివేయక ఉంచుట మేలు. చేవదేరుటకు పదేండ్లకు పైబడి పట్టును. పిట్టలకు పండు మాత్రము అంతకుముందే అందును.