నష్టభయ బదిలీ - సమ్మతి ప్రశ్న

హెడ్జింగ్ వల్ల నష్టభయం అంతరించదు, చేతులు మారుతుంది. మోయగల స్తోమత ఉన్నవాడు దానిని తగిన ప్రతిఫలానికి స్వీకరిస్తాడన్నదే ఈ వ్యవస్థకు నైతిక ఆధారం. 1930లో కీన్స్ చేసిన ప్రతిపాదనలో స్పెక్యులేటరు లాభం ఆ ప్రతిఫలమే.

సెబీ 2024 సెప్టెంబరు అధ్యయనం ఈ ఆధారాన్నే కదిలిస్తుంది. 2021-22 నుండి మూడు ఆర్థిక సంవత్సరాలలో ఈక్విటీ ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో వ్యాపారం చేసిన వ్యక్తులలో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. లాభాలు ప్రధానంగా అల్గారిథమ్‌లు గల పెద్ద సంస్థలకు చేరాయి. నష్టభయం స్తోమతను వెదుక్కుంటూ పోలేదు.

వారు తెలిసే దిగారు కదా అనవచ్చు. నిజమే, పదిమందిలో తొమ్మిదిమంది నష్టపోతారన్న హెచ్చరికను బ్రోకర్లు 2023 నుండి ప్రదర్శించవలసి ఉంది. అయినా, వరుసగా రెండేళ్లు నష్టపోయినా ఆట మాననివారు 75 శాతానికి పైమాటే. సంస్కృత భారత సభాపర్వంలో దుర్యోధనుని పక్షాన శకుని పాచికలు పట్టినప్పుడు, ఒకరి బదులు మరొకరు ఆడటం విషమమని ధర్మరాజు పలికాడు; పలికి, ఆడాడు. తెలియడం వేరు, మానగలగడం వేరు అయినచోట సమ్మతి ఎదుటివాడిని పూర్తిగా నిర్దోషిని చేయజాలదు.

2024 అక్టోబరులో సెబీ ఇండెక్స్ డెరివేటివ్ కాంట్రాక్టు కనీస విలువను 15 లక్షల రూపాయలకు పెంచింది. హెచ్చరికతో ఆగక స్తోమతను కొలతగా తీసుకున్న చర్య అది.